పర్యాటకుల అడ్వాన్సు ఎవరి సొమ్ము? ప్యాకేజీ టూర్ వ్యాపారం, 1841 నుంచి 2019 దాకా

గట్టుమీదచెట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

2019 సెప్టెంబర్ 23 తెల్లవారుజామున బ్రిటన్‌లో థామస్ కుక్ మూతపడింది. 178 ఏళ్ల ప్యాకేజీ టూర్ల కంపెనీ. ఆ వేళకి దాని బుకింగుల మీద దాదాపు 6 లక్షల మంది పరాయి ఊళ్లలో ఉన్నారు. వాళ్లలో లక్షన్నర మంది బ్రిటన్ వాళ్లు. ఇంతమంది జనం ఉండగా కంపెనీ ఎలా మునిగింది? గిరాకీ పడిపోయి మూతపడ్డ దుకాణాల సంగతి అర్థమవుతుంది. సీజన్ నిండుగా నడుస్తుండగా మునగడమే అర్థం కావడం లేదు.

రెండో ప్రశ్న మన దగ్గరిది. కాశీ, గయ, ప్రయాగ బస్సు యాత్రలు నడిపే చిన్న ఆపరేటర్లది కూడా ఇదే వ్యాపారం. తలకింత అని ధర చెప్పి ముందే డబ్బు తీసుకుంటారు. ఆ ధర కట్టే పద్ధతి ఏమిటి? ఎక్కడ తప్పుతుంది? తెలిసినవారు లెక్కలతో సహా రాయగలరు.

రైలుపట్టా

మొదటి నుంచి వస్తే తప్ప 2019 అర్థం కాదు.

థామస్ కుక్ డెర్బీషైర్‌లోని మెల్బోర్న్‌లో 1808లో పుట్టాడు. చెక్కపని నేర్చుకున్నాడు, బాప్టిస్టు ప్రచారకుడు, మద్యపాన వ్యతిరేక ఉద్యమంలో మనిషి. 1841 జులై 5న సుమారు 500 మందిని లీస్టర్ నుంచి లఫ్‌బరోకి ప్రత్యేక రైల్లో మద్యనిషేధ సభకు తీసుకెళ్లాడు. రానుపోను తలకి ఒక షిల్లింగు. మిడ్లాండ్ కౌంటీస్ రైల్వేతో బేరం కుదుర్చుకున్నది ఆయనే. 1845లో లివర్‌పూల్ యాత్రతో ఇది లాభం కోసం చేసే పని అయింది. ఆ యాత్రకు ముందుగా తనే దారంతా తిరిగి, బసలు చూసి, ప్రయాణికుల చేతిలో పెట్టడానికి ఒక చిన్న దారిపుస్తకం అచ్చు వేయించాడు. 1851లో లండన్ మహాప్రదర్శనకు లక్షన్నర మందిని చేర్చాడని చెబుతారు.

వ్యాపారం కిటుకు ఏమిటంటే, రైలు కంపెనీకి ఇంజన్, పెట్టెలు, పట్టా ఎలాగూ ఉన్నాయి. ఖాళీగా నడిచే పెట్టెని ఎవరైనా టోకున నింపుతామంటే తక్కువకు ఇస్తుంది. కుక్ టోకున కొని చిల్లరగా అమ్మాడు. ఈరోజుకీ ప్యాకేజీ వ్యాపారానికి పునాది ఇదే. పాడైపోయే సరుకును, అంటే ఈ రాత్రి గదినీ ఈ పూట సీటునీ, ముందుగా మొత్తంగా పట్టుకోవడం.

పాతముద్ర

రైలుపట్టా గారు రాసింది నిజమే గానీ ఒక సవరణ. 1841 నాటిది తొలి విహార రైలు అన్న మాట చాలాచోట్ల కనిపిస్తుంది. అది సరికాదు. అంతకు ముందు ఏడాదే లీస్టర్, నాటింగ్‌హామ్ మెకానిక్స్ సంస్థలు (కార్మికుల చదువు కోసం పెట్టినవి) అదే లైను మీద విహార రైళ్లు నడిపాయి. కుక్ గొప్పదనం తొలి రైలులో లేదు, తర్వాత ఆయన డబ్బు నడిపిన పద్ధతిలో ఉంది.

1862 ప్రాంతంలో స్కాట్లండ్ రైలు కంపెనీలు ఆయనకు చౌక టికెట్లు ఇవ్వడం ఆపేశాయి. అప్పటిదాకా ఆయన రాబడిలో పెద్ద భాగం స్కాట్లండ్‌దే. సరఫరాదారు ఒక్కడి మీద ఆధారపడితే ఏమవుతుందో అక్కడ తెలిసింది. మరుసటి ఏడు స్విట్జర్లాండ్ వైపు తిరిగాడు. 1865లో లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచాడు. 1860ల చివరికి హోటల్ కూపన్లు వచ్చాయి.

ఈ కూపన్ దగ్గర కాస్త ఆగాలి. ప్రయాణికుడు బయలుదేరేముందే లండన్‌లో డబ్బు కట్టి కూపన్ల పుస్తకం కొంటాడు. ఊరు కాని ఊళ్లో హోటల్‌వాడికి చీటీ చింపి ఇస్తాడు. హోటల్‌వాడు వాటిని పోగుచేసి కుక్ ఆఫీసుకు పంపితే, తగ్గింపు పట్టుకుని మిగతాది చెల్లిస్తారు. మధ్యలో గడిచే వారాలన్నీ ఆ డబ్బు కుక్ దగ్గరే ఉంటుంది. 1874లో న్యూయార్క్‌లో మొదలైన సర్క్యులర్ నోట్లదీ (ముందే కొనుక్కుని పరాయి ఊళ్లో డబ్బుగా మార్చుకునే చీటీలు) ఇదే నడక. డబ్బు ముందు పుచ్చుకో, సేవ తర్వాత ఇప్పించు, బిల్లు అంతకంటే తర్వాత కట్టు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 1891లో తెచ్చిన ట్రావెలర్స్ చెక్కు ఇదే దారిలో నడిచింది. పుచ్చుకున్న రోజుకీ చెల్లించే రోజుకీ మధ్య చేతిలో ఆడే సొమ్మే ఈ వ్యాపారానికి పెట్టుబడి. సొంత డబ్బు పెద్దగా లేకుండా పెద్ద సంస్థ కట్టగలిగింది అందువల్లే. గట్టుమీదచెట్టు గారి ప్రశ్నకు జవాబు మొదలయ్యేదీ ఇక్కడే.

మద్రాసుదారి

దీనికి ఎదురుగా పెట్టి చూడదగ్గ తెలుగు ప్రయాణం ఒకటుంది. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చారు. వెంట సుమారు వంద మంది పరివారం. బోయీలు, వంటవాళ్లు, గుడారాలు, దారి పొడవునా సుంకాలు, నదుల దగ్గర పడవ కేవులు. ప్రతి మజిలీలో ప్రతిదీ అప్పటికప్పుడు బేరమాడి రొక్కం ఇచ్చుకోవాల్సిందే. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణంలో నష్టభయం మొత్తం యాత్రికుడిదే. పదకొండేళ్ల తర్వాత లీస్టర్‌లో జరిగిన మార్పు ఇదీ: ఆ బేరాలూ నష్టభయమూ ఇంకొకడు తలకెత్తుకుని, దానికి ముందుగానే ఒకే ధర చెప్పాడు.

కుక్ కంపెనీకి మన దేశంతో ఉన్న పాత ముడి కూడా చెప్పాలి. 1880ల మొదట్లో బొంబాయిలో ఆఫీసు తెరిచారు. 1886లో బ్రిటిషిండియా ప్రభుత్వం హజ్ యాత్రికుల ప్రయాణ ఏర్పాట్లు కుక్ కంపెనీకి అప్పగించింది. 1890ల తొలి సంవత్సరాల్లోనే అది ముగిసిపోయింది. ఓడల అద్దెలు ఓడల యజమానుల చేతిలో, యాత్ర తేదీలు చాంద్రమానం చేతిలో, యాత్రికుడు ఇచ్చుకోగలిగింది చాలా తక్కువ. టోకున కొని చిల్లరగా అమ్మాలంటే టోకు ధర మీద పట్టు ఉండాలి, అది లేదు. తేదీ కదలని యాత్రలో బేరం ఎప్పుడూ సరఫరాదారు వైపే మొగ్గుతుంది. మన పుష్కరాలకీ కుంభమేళాకీ గది అద్దెలు చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

రెక్కలలెక్క

రైలు కథ తర్వాత విమానం కథ. రెండో ప్రపంచ యుద్ధానంతరం మిగిలిపోయిన డకోటా విమానాలు చౌకగా దొరికాయి. వ్లాదిమీర్ రైట్జ్ అనే ఆయన హొరైజన్ పేరుతో 1950 మేలో గాట్విక్ నుంచి కోర్సికాలోని కాల్వీకి చార్టర్ విమానం నడిపాడు. రానుపోను ప్రయాణం, గుడారాల్లో బస, భోజనం కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులు. ప్రభుత్వ విమాన సంస్థకు పోటీ రాకూడదని, మొదట విద్యార్థులూ ఉపాధ్యాయులూ మాత్రమే ఎక్కాలని షరతు పెట్టారు.

చార్టర్‌లో విమానాన్ని మొత్తంగా అద్దెకు తీసుకుంటారు. కూర్చునేది ఒక్కరైనా నూరు మందైనా అద్దె అదే. 180 సీట్ల విమానం ఒక రానుపోనుకు 45 లక్షలు అనుకోండి (లెక్క తెలియడానికి తీసుకున్న అంకె మాత్రమే).

అన్ని సీట్లూ నిండితే సీటుకి 25,000.
85 శాతం, అంటే 153 సీట్లు నిండితే 29,412.
70 శాతం, అంటే 126 నిండితే 35,714.

మార్జిన్ సీటుకి రెండు మూడు వేలే ఉంటే, 27 సీట్లు ఖాళీ పోయేసరికి లాభం కాస్తా నష్టం అవుతుంది. అందుకే చివరి వారంలో సీట్లు తెగనమ్ముతారు. గాలిలోకి లేచిన ఖాళీ సీటు విలువ సున్నా కదా. కానీ జనానికి ఆ అలవాటు పడితే ముందుగా బుక్ చేసేవాళ్లు తగ్గుతారు. ముందు వచ్చే డబ్బు మీద నడిచే వ్యాపారానికి అది పెద్ద దెబ్బ.

ఇంకొకటి, ఖాళీ తిరుగులు. వారం రోజుల బస అనుకోండి. మొదటి వారం విమానం మొదటి జట్టుని దింపి ఖాళీగా వెనక్కి వస్తుంది. రెండో వారం రెండో జట్టుని దింపి మొదటి జట్టుని ఎక్కించుకుంటుంది. చివర్లో ఖాళీగా వెళ్లి ఆఖరి జట్టుని తెస్తుంది. 26 జట్లు నడిపితే 27 రానుపోనులు, అంటే 54 విడి ప్రయాణాలు, అందులో 2 ఖాళీ. నూటికి 4 కూడా కాదు. అదే 10 జట్లే నడిపితే 22లో 2 ఖాళీ, నూటికి 9. సీజన్ ఎంత పొడుగైతే తలసరి ఖర్చు అంత తగ్గుతుంది. స్పెయిన్ తీరంలో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా హోటళ్లు తెరిచి ఉంచేలా ఆపరేటర్లు ఒత్తిడి తెచ్చింది ఇందుకే.

సీటు36

రెక్కలలెక్క గారూ, రెండు వారాల బస అయితే ఖాళీ తిరుగులు పెరుగుతాయా?

రెక్కలలెక్క

పెరుగుతాయండి. మొదటి రెండు వారాలూ తిరుగు ఖాళీ, ఆఖరి రెండు వారాలూ పోక ఖాళీ, మొత్తం 4. అందుకే ఒకటి, రెండు వారాల బసలు కలిపి అమ్ముతారు. మొదటి విమానంలో వెళ్లినవాళ్లలో వారం బస వాళ్లు ఉంటే రెండో విమానం తిరుగులో కొంతైనా నిండుతుంది.

పాతముద్ర

చార్టర్ కథ చివర 1974 ఉంది, దాన్ని వదిలేయకూడదు. క్లార్క్‌సన్స్ అనే ఆపరేటర్ ధరలు బాగా తగ్గించి జనాన్ని లాగింది. నష్టాలు వచ్చాక 1973లో కోర్ట్ లైన్ అనే విమాన, నౌకా సంస్థ దాన్ని తీసుకుంది. మరుసటి ఏడు మొదట్లో రైట్జ్ స్థాపించిన హొరైజన్ కూడా దాని చేతికే వచ్చింది. 1973 చివర్లో చమురు ధర నాలుగింతలైంది. 1974 ఆగస్టు 15న, సీజన్ నడిమధ్యలో, కోర్ట్ లైన్ కూలింది. పదుల వేల మంది బయట చిక్కుకున్నారు, లక్ష పైచిలుకు మంది ముందే కట్టిన డబ్బు ప్రశ్నార్థకమైంది. ఆపరేటర్లు ముందుగా పెట్టిన పూచీ సొమ్ము చాలలేదు. ప్రభుత్వం 1975లో చట్టం చేసి రిజర్వు నిధి పెట్టి, ఆపరేటర్ల అమ్మకాల మీద సుంకం వేసి దాన్ని నింపింది. అప్పటికే ఉన్న ఆటోల్ లైసెన్సు పద్ధతి (విమాన ప్యాకేజీలు అమ్మేవాళ్లు తప్పక తీసుకోవాల్సిన అనుమతి) దీంతో గట్టిపడింది. ఇప్పుడు ఆటోల్ కింద అమ్మిన ప్రతి తలకీ రెండున్నర పౌండ్లు ఆ నిధికి పోతాయి.

2019లో బ్రిటన్ వాళ్లని రెండు వారాల పాటు విమానాలు పెట్టి ఇంటికి చేర్చగలిగారంటే ఈ పునాది ఉండబట్టే.

లెక్కలపుస్తకం

ఇప్పుడు 2019కి వద్దాం.

థామస్ కుక్ 2007లో మైట్రావెల్ అనే సంస్థతో కలిసింది. ఇచ్చిన ధరకీ చేతికొచ్చిన ఆస్తుల విలువకీ మధ్య తేడాని గుడ్‌విల్ అని పుస్తకాల్లో రాసుకున్నారు. 2011లో ఒకసారి మునిగే దాకా వచ్చి బ్యాంకుల అప్పుతో బయటపడ్డారు. ఆ అప్పు తర్వాత ఎన్నడూ తీరలేదు, 2019 నాటికి సుమారు 170 కోట్ల పౌండ్లు. అదే ఏడాది మేలో అర్ధ సంవత్సర నష్టం 150 కోట్ల పౌండ్లు అని ప్రకటించారు. అందులో 110 కోట్లు మైట్రావెల్ గుడ్‌విల్‌ని కొట్టేయడమే. అంటే ఆ సొమ్ము ఆ రోజు బయటికి పోయింది కాదు, పన్నెండేళ్ల కిందటే పోయింది. ఆ రోజు ఒప్పుకున్నారు, అంతే. కానీ ఆ అంకె పేపర్లలో రాగానే జనం బుకింగుకు జంకారు, సరఫరాదారులు ముందే డబ్బు కట్టమన్నారు.

యూరప్ వేసవి టూర్లకు జనం బాకీ మొత్తం ప్రయాణానికి ముందే కట్టేస్తారు. అంటే వసంతం, వేసవిలో ఖజానా నిండుగా ఉంటుంది. హోటళ్లకు మాత్రం బస ముగిసిన రెండు మూడు నెలలకు చెల్లిస్తారు. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా డబ్బు పోయేదే ఎక్కువ, వచ్చేది తక్కువ. వచ్చే ఏడాది అడ్వాన్సులు జనవరి తర్వాత మొదలవుతాయి. ఆ గుంటని దాటించేది బ్యాంకు అప్పు. చైనా సంస్థ ఫోసున్ ముందుండి 90 కోట్ల పౌండ్ల ప్యాకేజీ సిద్ధం చేసింది. శీతాకాలానికి ఇంకో 20 కోట్లు ఆసరాగా ఉండాలని బ్యాంకులు పట్టుబట్టాయి. అది దొరకలేదు. సెప్టెంబర్‌లోనే ఎందుకు అనే ప్రశ్నకు ఇదే సమాధానం. నిండుగా తిరిగే సీజన్‌లో కనిపించే డబ్బు కంపెనీది కాదు, హోటళ్లదీ ఇంకా ప్రయాణం చేయని జనానిదీ.

సీటు36

ఇంటర్నెట్ వచ్చి జనం సొంతంగా బుక్ చేసుకోవడం వల్లే మునిగిందని చాలామంది రాశారు. 500కి పైగా దుకాణాల అద్దె, జీతాల భారం లేదా?

లెక్కలపుస్తకం

భారం ఉంది, కాదనను. కానీ మూతపడ్డాక ఆ 555 దుకాణాలనూ హేస్ ట్రావెల్ అనే మరో ట్రావెల్ సంస్థ కొనుక్కుంది. ఇంటర్నెట్ ఒక్కటే కారణమైతే వాటిని ఎవరూ తీసుకోరు. నా అంచనాలో అసలు రోగం వడ్డీ. నూటికి రెండు మూడు మిగిలే వ్యాపారం 170 కోట్ల అప్పు మోయలేదు.

ఇంకో ఆధారం. అదే గూటిలోని జర్మన్ విమాన సంస్థ కాండర్‌కి అక్కడి ప్రభుత్వం 38 కోట్ల యూరోల తాత్కాలిక అప్పు ఇచ్చింది, అది ఎగురుతూనే ఉంది. మన దేశంలోని థామస్ కుక్ ఇండియా 2012 నుంచే కెనడా సంస్థ ఫెయిర్‌ఫాక్స్ చేతిలో ఉన్న వేరే కంపెనీ. పేరు ఒకటే గానీ ఖజానా వేరు కాబట్టి దానికి ఏమీ కాలేదు. తర్వాత ఇండియా వరకు ఆ పేరు హక్కు కూడా కొనుక్కుంది. మునిగింది ఒకే సంచిలో కలిపి కట్టిన డబ్బు.

జర్మనీలో ఇంకో లోపం బయటపడింది. అక్కడ ఆపరేటర్ దివాలా తీస్తే ప్రయాణికుల డబ్బు తిరిగిచ్చే బీమాకి ఒక్కో బీమా కంపెనీకి ఏడాదికి 11 కోట్ల యూరోల పరిమితి ఉండేది. బాకీ అంతకంటే చాలా ఎక్కువ వచ్చింది. మిగతాది ప్రభుత్వం భరించాల్సి వచ్చి, 2021లో చట్టం మార్చి ప్రత్యేక నిధి పెట్టారు.

చక్రంకింద

రెండో ప్రశ్నకు నేను రాస్తాను. బస్సు యాత్రకు ధర కట్టేటప్పుడు ఖర్చులు రెండు కుప్పలుగా విడదీయాలి. జనం ఎంతమంది వచ్చినా మారనివి ఒక కుప్ప, తలకింత అని పెరిగేవి ఒక కుప్ప. 36 సీట్ల బస్సు, 8 రోజుల యాత్ర అనుకుందాం. అంకెలు పద్ధతి చూపడానికే, మీ ఊరి ధరలు వేసుకోండి.

మారనివి: బస్సు అద్దె డీజిల్‌తో 1,80,000. మేనేజరు, వంటమనిషి, సహాయకుడి కూలి, తిండి, బస 40,000. టోల్, పార్కింగ్, ఊళ్లోకి పెద్ద బస్సు రానిచోట ఆటోలు 30,000. మొత్తం 2,50,000.

తలకి: డబుల్ షేరింగ్‌లో (ఇద్దరికో గది) బస రోజుకి 800 చొప్పున 6,400. భోజనం, టిఫిన్, కాఫీ రోజుకి 350 చొప్పున 2,800. పడవ, ప్రవేశ రుసుములు 800. మొత్తం 10,000.

ఇక్కడ మొదటి తప్పు, 2,50,000ని 36తో భాగించడం. బస్సు నిండుతుందని ఎవరూ పూచీ ఇవ్వరు. 28తో భాగించండి, 8,929 వస్తుంది. 10,000 కలిపితే 18,929. అనుకోని ఖర్చులకు 3 శాతం కలిపితే 19,497. లాభం 10 శాతం కలిపితే 21,447. దాని మీద 5 శాతం జీఎస్టీ.

లెక్కలపుస్తకం

చక్రంకింద గారూ, అంతా బాగుంది, చివరి మెట్టు ఒక్కటి సరిచేయాలి. ఖర్చు మీద 10 శాతం వేరు, అమ్మకం మీద 10 శాతం వేరు. అమ్మకం మీద 10 మిగలాలంటే 19,497ని 0.9తో భాగించాలి. 21,663 వస్తుంది. తలకి 216 తేడా, 28 మందికి ఆరు వేల పైన. ఏజెంటు కమిషన్ కూడా అమ్మకం ధర మీదే ఇస్తారు కాబట్టి దాన్నీ ఇలాగే వేయాలి. 5 శాతం కమిషన్ ఇచ్చేట్టయితే 0.85తో భాగించాలి. లేకపోతే కమిషన్ మీ లాభంలోంచే పోతుంది.

ఇప్పుడు 21,663 ధరతో ఎంతమంది వస్తే గట్టెక్కుతామో చూడండి. ఒక్కొక్కరి నుంచి తలసరి ఖర్చు పోను మిగిలేది 11,663. 2,50,000ని దానితో భాగిస్తే 21.4, అంటే 22 మంది. 20 మందే వస్తే 16,740 నష్టం. 28 మంది వస్తే 76,564 మిగులు, అనుకోని ఖర్చులకు పెట్టింది ఖర్చు కాకపోతే. ఆ పైన ప్రతి సీటూ 11,663. ఈ 22 అనే అంకెను బ్రోచరులోనే రాయాలి: ఫలానా తేదీకి 22 మంది కాకపోతే యాత్ర రద్దు, డబ్బు మొత్తం వాపసు. అది రాయనివాళ్లే 15 మందితో బస్సు కదిలించి, ఆ లోటుని తర్వాతి యాత్ర అడ్వాన్సులతో పూడుస్తారు.

జీఎస్టీ సంగతి: 5 శాతం దారిలో హోటల్, బస్సు బిల్లుల మీద మీరు కట్టిన పన్నుకి క్రెడిట్ రాదు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకోలేరు. కాబట్టి హోటల్ ధర పన్నుతో కలిపే కాస్టింగులో (ఖర్చుల లెక్కలో) వేయాలి. గది 1,500 అని చెప్పినవాడు బిల్లులో 1,575 వేస్తే, 8 రాత్రులు 14 గదులకు 8,400 తేడా.

చక్రంకింద

సవరణకు ధన్యవాదాలు, సరైన మాట. ఇంకా ఎక్కడ తప్పుతుందో రాస్తాను.

బేసి సంఖ్య. 27 మంది అంటే 14 గదులు, ఒక గదిలో ఒక్కరే. 28 మంది ఉన్నా ఆడవాళ్లు, మగవాళ్లు చెరో బేసి సంఖ్య అయితే రెండు గదుల్లో ఒక్కొక్కరే మిగులుతారు. విడి గది కోరేవారికి అదనపు రుసుము బుకింగ్ రోజే చెప్పాలి. ఈ ఉదాహరణలో అది 6,400.

డ్రైవర్లు. కార్మిక చట్టం ప్రకారం డ్రైవర్ పని రోజుకి 8 గంటలు, వారానికి 48. రాత్రి ప్రయాణం పెట్టి బస ఖర్చు మిగిల్చాలనుకుంటే ఇద్దరు డ్రైవర్లు ఉండాల్సిందే. రెండో డ్రైవర్ కూలి ముందే వేసుకోండి.

గ్యాస్. వంటవాడితో యాత్ర అంటే బస్సు డిక్కీలో సిలిండర్ పెట్టేస్తారు. దయచేసి వద్దు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న టూరిస్టు రైలు పెట్టెలో, రహస్యంగా తెచ్చిన సిలిండర్ వల్ల మంటలు లేచి 9 మంది చనిపోయారు. వంట సామాను తీసుకెళ్లండి, పొయ్యి, సిలిండర్ మాత్రం మజిలీలో అద్దెకు తీసుకోండి. ఆ అద్దె కాస్టింగులో ఒక పద్దు కావాలి. పద్దు లేకపోతే డిక్కీలోకి సిలిండర్ మళ్లీ వస్తుంది.

తూర్పుకిటికీ

హోటల్ ఒప్పందాల గురించి కొంచెం. మూడు రకాలు. అలాట్‌మెంటులో హోటల్ కొన్ని గదులు మీ పేరు మీద ఉంచుతుంది, రిలీజ్ తేదీ లోపు పేర్లు ఇవ్వకపోతే వెనక్కి తీసుకుంటుంది, మీకు నష్టం లేదు. గ్యారంటీలో గదులు నిండినా నిండకపోయినా డబ్బు మీదే, అందుకే చౌక. ఫ్రీ సేల్‌లో ఆపమనేదాకా అమ్ముకోవచ్చు. చిన్న ఆపరేటరు గ్యారంటీకి ఆశపడకపోవడం మంచిది. పదిహేను మంది డబ్బు కడితే ఒకరికి ఉచితం అన్న షరతు గుంపు ధరల్లో మామూలు. అది డబుల్ గదిలో సగం కిందనా, విడి గదా అన్నది రాతలో ఉండాలి.

రద్దు రుసుములు గాలిలోంచి తీయకూడదు. హోటల్ రిలీజ్ తేదీ 21 రోజుల ముందు అయితే, మీ కస్టమర్ రద్దు మెట్టు 25 రోజుల దగ్గర ఉండాలి. ఆ నాలుగు రోజులు మీరు గదులు వదులుకోవడానికి. విమాన గుంపు టికెట్లకు సాధారణంగా కనీసం 10 మంది, ముందు డిపాజిట్, పేర్లకు గడువు, ఆ తర్వాత తగ్గిన ప్రతి సీటుకీ జరిమానా. ఆ గడువుకి ముందే కస్టమర్ల నుంచి పూర్తి డబ్బు రావాలి.

విదేశీ ప్యాకేజీ అయితే రూపాయి మారకం రేటుకి 2, 3 శాతం ఎడం పెట్టుకోవాలి. 2020 అక్టోబర్ నుంచి టీసీఎస్ (అమ్మేవాడే కస్టమర్ దగ్గర వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేయాలి. ఒట్టి విమాన టికెట్ అమ్మితే అది ప్యాకేజీ కిందికి రాదు. టికెట్, బస, ఇతర ఖర్చుల్లో కనీసం రెండు కలిస్తేనే ప్యాకేజీ. రేట్లూ పరిమితులూ మొదలైనప్పటి నుంచి చాలాసార్లు మారాయి, బిల్లు రోజుకి అమల్లో ఉన్నదే వేయండి. అది కస్టమర్ పాన్ మీద జమ అవుతుంది, రిటర్నులో వెనక్కి తీసుకోవచ్చు. ఈ మాట చెప్పకపోతే అదనంగా గుంజుతున్నారని అనుకుంటారు.

గట్టుమీదచెట్టు

అందరికీ ధన్యవాదాలు. మన దగ్గర ఆటోల్ లాంటిది ఉందా? ఆపరేటర్ చేతులెత్తేస్తే యాత్రికుడికి ఏం దారి?

పాతముద్ర

అలాంటి తప్పనిసరి నిధి మన దేశంలో లేదు. కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు ఉంది గానీ అది స్వచ్ఛందం. యూరప్‌లో 1990 నాటి ఆదేశం నుంచీ ప్యాకేజీ అమ్మేవాడు దివాలాకి పూచీ చూపించాల్సిందే. ఇక్కడ యాత్రికుడికి మిగిలింది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. తను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్ చాలు. ముందుగా 1915 నంబరుకు చెప్పుకోవచ్చు. రసీదు, బ్రోచరు, ఆపరేటర్ ఇచ్చిన హామీ రాతలో ఉండాలి. పొడి మాటల మీద డబ్బు కట్టొద్దు. ఇది పెద్ద లోటు. తీర్థయాత్రకు జీవితకాలం కూడబెట్టుకునే వాళ్ల డబ్బుకి ఇంతకంటే గట్టి కాపలా ఉండాలి.

లెక్కలపుస్తకం

చట్టం రాకముందే నిజాయితీ గల ఆపరేటర్ చేసుకోగలిగింది ఒకటుంది. అడ్వాన్సులకు వేరే బ్యాంకు ఖాతా. ప్రతి బయలుదేరే తేదీకీ ఒక కోడ్. ఆ కోడ్ అడ్వాన్సులు ఆ కోడ్ బిల్లులకే వాడాలి. బస్సు తిరిగొచ్చి ఆఖరి బిల్లు కట్టాకే లాభం సొంత ఖాతాకి మారాలి.

ప్రతి శనివారం ఇలా చూసుకోవచ్చు. ఇంకా బయలుదేరని యాత్రల అడ్వాన్సులు 14 లక్షలు. అందులోంచి హోటళ్లకు, రైల్వేకి ముందే కట్టింది 5 లక్షలు. ముగిసిన యాత్రల బాకీ బిల్లులు 3.5 లక్షలు. 14 లోంచి 5 తీసి 3.5 కలిపితే 12.5 లక్షలు. ఖాతాలో కనీసం ఇంత ఉండాలి. 9 లక్షలే ఉంటే, 3.5 లక్షల పరాయి సొమ్ము ఇప్పటికే వాడేశారన్నమాట. కొత్త యాత్ర ప్రకటించకముందే దాన్ని సొంత డబ్బుతో పూడ్చాలి.

రెక్కలలెక్క

ఆ లెక్కలో ముందే కట్టిన 5 లక్షలను తీసేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఎవరికి కట్టారో చూసి తీయాలి. టికెట్ చేతికొచ్చిన రైల్వే డబ్బు, వోచర్ ఇచ్చిన హోటల్ డబ్బు తీసేయొచ్చు. విమాన సంస్థ దగ్గర ఏజెంటు వాలెట్‌లో (టికెట్లు కొనడానికి ముందే డబ్బు వేసే ఖాతా) వేసి ఉంచిన డబ్బుని మాత్రం తీయకండి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు ఏజెంట్ల డబ్బు అలాగే చిక్కుకుపోయింది. వాలెట్‌లో ఆ వారం టికెట్లకు సరిపడా మాత్రమే ఉంచండి.